వెనక్కి తిప్పిన పెడలు

పాత సైకిళ్ల మంచీచెడూ తెలిసినవాళ్లు రంగును ముందు చూడరు. వంగి, పెడలును వెనక్కి తిప్పుతారు. చక్రం కదలదు. చైను మాత్రం వెనక్కి జారుతుంది. ఫ్రీవీలు లోపలి చిన్న కొక్కేలు పళ్ల మీంచి ఒక్కొక్కటే దాటుతూ టకటకమంటాయి. ఆ చప్పుడు ఎక్కడా తడబడకుండా ఒకే తీరుగా సాగితే విన్నవాళ్లు తల ఊపుతారు. తర్వాత సీటు కింద చెయ్యి పెట్టి వెనక చక్రాన్ని జానెడు లేపి, ఒక్క తిప్పు తిప్పి వదులుతారు. రిమ్ముకూ మడ్‌గార్డు కడ్డీకీ మధ్య సందు పెరగకుండా, తగ్గకుండా నిలిచిందంటే బెండు లేదని అర్థం. ఇదంతా అయ్యాకే చూపు పైకి వెళ్లి నల్లరంగు మీద, దాని మీది సన్నటి బంగారు గీతల మీద, హ్యాండిలు కింద తళుక్కుమనే ఇత్తడి బిళ్ల మీద నిలుస్తుంది. బాగుచేసి మెరుగుపెట్టిన ఆ సైకిలు మీద ఇక ఎవరూ చేనికి పోరు, బిందెలు కట్టరు, రెండో ఆట సినిమాకూ పోరు. అయినా దానికి పెట్టే పరీక్ష మాత్రం రేపు పొద్దున పనికి పోవాల్సిన సైకిలుకు పెట్టే పరీక్షే. చూసి మురవడానికి ఉంచుకున్న వస్తువును చెవితోనూ చేత్తోనూ ఎందుకు పరీక్షించాలి? పాత సైకిళ్ల మీద మక్కువ ఉన్నవాళ్లు ఒకరి సైకిలు పక్కన ఇంకొకరి సైకిలు నిలబెట్టి చూసుకునేటప్పుడు అసలు దేన్ని పోల్చుకుంటున్నారన్న ప్రశ్న ఈ చిన్న అలవాటు దగ్గరే తగులుకుంటుంది.

రాయలసీమలోని ఆలూరు, హొళగుంద, చిప్పగిరి, ఆస్పరి వైపు ఊళ్లలో పాత సైకిలంటే ఒకటే ఆకారం. పొడవాటి నడిమి కడ్డీ, ముందుకు వంగిన ఫోర్కు, మనిషిని నిటారుగా కూర్చోబెట్టే హ్యాండిలు, చైనును నిండా కప్పే కవరు, తీగలు లేకుండా ఇనుప కడ్డీలతో పనిచేసే బ్రేకులు. 1983 ఎన్నికలప్పటి నుంచి తెలుగుదేశం గుర్తుగా గోడల మీద గీస్తూ వచ్చింది కూడా ఈ ఆకారాన్నే. ఇది పుట్టింది ఇంగ్లండులో. 1885లో కొవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ తెచ్చిన రోవర్ సైకిలుతో ఇంచుమించు సమానమైన రెండు చక్రాలు, వెనక చక్రాన్ని తిప్పే చైను స్థిరపడ్డాయి. 1888లో బెల్ఫాస్టులో డన్‌లప్ గాలి టైరు తోడైంది. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే కుదురుకున్న రూపం ఎన్నో దశాబ్దాలు దాదాపు అలాగే నిలిచింది. 28 × 1½ అంగుళాల టైర్లు. ముందు చక్రానికి 32 స్పోకు పుల్లలు, వెనక చక్రానికి 40, ఎందుకంటే మనిషినీ మూటనూ మోసేది వెనక చక్రమే. బరువు మొత్తం 20 కిలోలకు అటూ ఇటూ. తేలికపాటి సైకిళ్లకు అలవాటుపడ్డవాళ్లకు ఇది మొద్దుగా కనిపించవచ్చు. కానీ ఫోర్కు అంతగా ముందుకు వంగి ఉండటం సింగారం కోసం కాదు. గుంతలో పడినప్పుడు ఆ వంపు కొద్దిగా ఒదుగుతుంది, పెద్ద చక్రం చిన్న గుంతను దాటేస్తుంది, మిగిలిన దెబ్బను తోలు సీటు కింది స్ప్రింగులు మింగుతాయి. తారు ఎరగని బండ్లబాటకు ఇంతకంటే తగిన అమరిక ఆ రోజుల్లో ఇంకేముంది?

పోలిక మొదలయ్యేది పేర్లతో. హ్యాండిలు కింది గొట్టం మీది బిళ్లను బొటనవేలితో తుడిచి పేరు చదువుతారు. నాటింగ్‌హాంలో తయారైన ర్యాలీకి కొంగ తల గుర్తు. పెడళ్ల దగ్గరి పళ్లచక్రంలో కూడా అవే కొంగ తలలు కోసి ఉంటాయి. బర్మింగ్‌హాం బి.ఎస్.ఎ.కు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకులు గుర్తు, అది మొదట తుపాకుల కంపెనీ కాబట్టి. హంబర్ పళ్లచక్రంలో ఐదుగురు మనుషులు పరుగెత్తుతుంటారు. పెడలు తొక్కుతుంటే వాళ్లు ఒకరినొకరు ఎప్పటికీ అందుకోకుండా తిరుగుతుంటారు. హంబర్ ఫోర్కుకు ఒక్కో వైపు రెండేసి గొట్టాలు. 1932లో ర్యాలీ ఆ కంపెనీ సైకిళ్ల వ్యాపారాన్ని కొన్న తర్వాత కూడా ఈ ఆనవాళ్లు చెరగలేదు. వెనక చక్రం నడుమ స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్బు ఉన్న సైకిలు ఈ వైపు దొరకడం అపురూపం. దొరికితే మాత్రం చుట్టూ చేరినవాళ్లు హబ్బు మీది జిడ్డును గుడ్డతో తుడిచి, అక్కడ గుద్దిన తయారీ సంవత్సరం అంకెల కోసం వెతుకుతారు. తుగ్గలి దాపున ఎర్రగుడి గుట్ట రాళ్ల మీద అశోకుడి శాసనాలు చదివినవాళ్ల ఓపిక కూడా ఇలాంటిదే అయి ఉండాలి. అక్షరం ఎంత అరిగితే చదవాలన్న పట్టు అంత పెరుగుతుంది.

ఇంగ్లండులో తయారైనట్టు ముద్ర ఉన్న సైకిలు సొంతదారు గొంతులో కొంచెం బరువు వినిపిస్తుంది. ఆ బరువుకు కారణం లేకపోలేదు. ఆ గొట్టాల అతుకులు, ఆ నికెలు పూత, ఆ తోలు సీటు నిజంగానే గొప్పవి. అయినా ఆలూరు బాటల మీద జీవితాలను మోసిన సైకిళ్లలో ఎక్కువ భాగం ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చినవి కావు. స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది ఏళ్లకే దేశంలో పెద్ద కర్మాగారాలు లేచాయి. 1949లో మద్రాసు దగ్గరి అంబత్తూరు ఆధారంగా టి.ఐ. సైకిల్స్ ఏర్పడి హెర్క్యులిస్, ఫిలిప్స్, బి.ఎస్.ఎ. పేర్లతో సైకిళ్లు చేసింది. పశ్చిమ బెంగాలులో ఆసన్సోలు దగ్గర సెన్-ర్యాలీ, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో వచ్చాయి. సెన్-ర్యాలీనీ, బొంబాయి హింద్ సైకిల్స్‌నూ 1980లో పార్లమెంటు చట్టంతో జాతీయం చేశారు. ఇప్పుడు ఆ రెండు పేర్లున్న బిళ్లలు వెతికితే తప్ప కనబడవు. అట్లాస్ సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినం నాడు, పని ఆపేసింది. పనివాళ్ల చేతుల్లోంచి లక్షలుగా వచ్చిన ఈ సైకిళ్లను ఇంగ్లండు సరుకు కాదన్న ఒక్క కారణంతో రెండో వరుసలో నిలబెట్టడం న్యాయం కాదు. పోల్చేటప్పుడు అడగాల్సింది ఎక్కడ పుట్టిందని మాత్రమేనా, ఎంత దూరం నడిచిందని కూడానా?

దూరం లెక్క అడిగితే ఆలూరు సైకిళ్లకు చెప్పుకోవడానికి చాలా ఉంది. ఆలూరు తాలూకా 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లాలోది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజున ఆదోని, రాయదుర్గం తాలూకాలతో పాటు ఇటు వచ్చింది. జిల్లా మారింది గానీ రాకపోకలు మారలేదు. ఆదోని పత్తి మార్కెట్టు ఒక వైపు, గుంతకల్లు రైలు జంక్షను ఇంకో వైపు, హగరి దాటితే బళ్లారి. ఈ మూడింటి మధ్య ఎండిన నేల. కొంత ఎర్రది, కొంత నల్లరేగడి. బస్సు రోజుకు ఒకటో రెండో ఉన్న కాలంలో బడిపంతులు, పోస్టుమాను, పాలవాడు, చీరల మూట కట్టుకుని ఊరూరా తిరిగే వ్యాపారి, బడి ముందు ఆగే ఐసు పెట్టెవాడు, అందరికీ సైకిలే కాళ్లు. పెళ్లిలో అల్లుడికి సైకిలు, వాచీ, రేడియో పెడితే ఊరంతా చెప్పుకునేది. ఆ మూడింటిలో వాచీ ఒక మనిషిది, రేడియో ఒక ఇంటిది. సైకిలు మాత్రం వీధిది. కాన్పు నొప్పులు మొదలైన ఇంటికి మంత్రసానిని తేవడానికి, రైలు అందుకోవాల్సిన చుట్టానికి, పరీక్షకు పోయే పిల్లవాడికి ఎవరి సైకిలు దగ్గరుంటే అది కదిలేది. ఇవాళ బాగుచేసి నిలబెట్టిన సైకిలు చుట్టూ చేరేవాళ్లలో చాలామంది కళ్లు దానికి ఒక యజమానిని కాకుండా ఒక వీధిని వెతుక్కోవడానికి ఇదొక కారణం కావచ్చు.

సైకిలు లేనివాళ్లకు బాడుగ సైకిలు ఉండేది. గంటకు ఇంతని బాడుగ. సైకిలు షాపులో చేతిరాత పుస్తకంలో పేరు, బయలుదేరిన వేళ, సైకిలు నంబరు. చైను కవరు మీదా మడ్‌గార్డు మీదా తెల్లరంగుతో వేసిన ఆ నంబరే దాని పేరు. పిల్లలకు 7వ నంబరు మంచిదనీ 4వ నంబరు చైను పడిపోతుందనీ తెలుసు. సీటు అందదు కాబట్టి నడిమి కడ్డీ కింద నుంచి కుడికాలు దూర్చి, ఒళ్లంతా ఒక పక్కకు వంచి, సగం సగం తొక్కులతో నేర్చుకునేవాళ్లు. మోకాలి మీద మచ్చ ఆ చదువుకు దొరికిన పట్టా. పాత సైకిలును ఇంత మమకారంతో చూసేవాళ్లలో చాలామందికి ఆ సైకిలు చిన్నప్పుడు సొంతం కాదన్నది గమనించాల్సిన సంగతి. గంటసేపు తమదై, ఆ తర్వాత చేయి జారిపోయింది. యాభై అరవై ఏళ్ల వయసులో దుమ్ము పట్టిన ఒక సైకిలు కొని, తుడిచి, నూనె పట్టించి వరండాలో నిలబెట్టుకోవడంలో ఆనాడు తిరిగి ఇచ్చేసిన గంటను మళ్లీ బాడుగకు తెచ్చుకున్న తృప్తి ఉందా? అందరి విషయంలో కాకపోయినా కొందరి విషయంలో ఉందనే అనిపిస్తుంది.

కర్మాగారం నుంచి వచ్చిన సైకిలు ఈ ఊళ్లలో ఎక్కువ కాలం అలాగే ఉండేది కాదు. ఎండాకాలంలో నీళ్లకు దూరం పోవాలి. క్యారియరుకు ఇరువైపులా బిందెలు వేలాడాలి. అందుకని క్యారియరు తీసేసి కమ్మరి దగ్గరో వెల్డింగు షాపులోనో మందపు కడ్డీతో కొత్తది కట్టించేవాళ్లు. వేరుశెనగ బుడ్డల మూట అడ్డంగా వేస్తే ఫ్రేము నడుము ఊగేది. దానికి మందు డబుల్ బారు, అంటే నడిమి కడ్డీ కింద ఇంకో కడ్డీ. ఫోర్కు విరగకుండా ముందు ఇరుసు నుంచి హ్యాండిలు దాకా రెండు సన్న కడ్డీలు ఊతం. వానొచ్చిన మర్నాడు రేగడి బాటలో మన్ను టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య మెత్తి చక్రం తిరగనిచ్చేది కాదు. పుల్లతో తోడి తోడి విసిగినవాళ్లు ముందు మడ్‌గార్డును విప్పి అటక మీద పడేసేవాళ్లు. కంపచెట్ల ముళ్లకు పంచర్లు ఎన్నని? ట్యూబు మీద అతుకుల మీద అతుకులు పడి, చివరికి అసలు ట్యూబు ఎంత, అతుకులు ఎంత అని లెక్క తేలేది కాదు. తయారుచేసినవాళ్లు ఊహించని బరువును ఊహించని దారిలో మోయించడానికి ఇక్కడి మెకానిక్కులు సైకిలును రెండోసారి తయారుచేశారు. ఈ రెండో తయారీకి బిళ్ల లేదు, సంవత్సరం ముద్ర లేదు.

సరిగ్గా ఇదే పని వేల మైళ్ల అవతల ఒక కొండల నేలలో జరిగింది, ప్రపంచం దానికి పేరు పెట్టి మ్యూజియంలో దాచుకుంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, మారిన్ కౌంటీ, టమాల్‌పైస్ కొండ. 1970లలో అక్కడి కుర్రవాళ్లు 1930లు, 40ల నాటి ష్విన్ ఎక్సెల్సియర్ లాంటి పాత బరువైన సైకిళ్లను పాతసామాన్లలోంచి ఏరి తెచ్చి, మడ్‌గార్డులు పీకేసి, లావు టైర్లతో మట్టి దారుల్లో కొండ దిగడం మొదలుపెట్టారు. 1976 అక్టోబరు 21న రీప్యాక్ అనే వాలులో మొదటి పందెం జరిగింది. రెండు మైళ్ల దూరంలో 1,300 అడుగుల దిగుడు. కిందికి చేరేసరికి వెనక హబ్బు లోపలి బ్రేకు కాలి గ్రీసు పొగై పోయేది, మళ్లీ గ్రీసు నింపితే గానీ ఇంకోసారి పనికొచ్చేది కాదు. దిగుడుకు ఆ పేరు అలా వచ్చింది. 1977లో జో బ్రీజ్ పాత ఫ్రేములతో సర్దుకోకుండా కొండ దారుల కోసమే ఒక కొత్త ఫ్రేము కట్టాడు. అది గట్టిగా నిలవడానికి ముందు తల గొట్టం నుంచి వెనక ఇరుసు దాకా రెండు సన్న గొట్టాలు ఏటవాలుగా అదనంగా అతికాడు. ఆ సైకిలు ఇప్పుడు వాషింగ్టన్‌లో అమెరికా చరిత్ర జాతీయ మ్యూజియంలో ఉంది. ఆలూరు వెల్డింగు షాపు అతికిన డబుల్ బారు, బ్రీజ్ అతికిన జంట గొట్టాలు ఒకే ప్రశ్నకు జవాబులు: ఈ దారిలో ఈ ఫ్రేము విరుగుతుంది, ఏం చేయాలి? ఒకచోట ఆ జవాబు కొత్త రకం సైకిలుకు ఆరంభమైంది. ఇంకోచోట అది రోజువారీ బతుకు అవసరమై, పాత ఇనుముకు ఎర్రగడ్డలు ఇస్తామని అరుస్తూ వచ్చినవాళ్ల తక్కెట్లోకి పోయింది.

ఆ కొండ సైకిళ్లకు ఇప్పుడు పాతకాలపు వస్తువుల గౌరవం దక్కింది. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి టామ్ రిచీ కట్టిన ఫ్రేములతో వ్యాపారం పెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్‌ను తెచ్చి కొండ సైకిలును పెద్ద ఎత్తున అంగళ్లలోకి చేర్చింది. 1982 నాటి షిమానో డియోర్ ఎక్స్‌టీ మొదటి తరం భాగాల మీద జింక తల ముద్ర ఉంటుంది. వాటిని బాగుచేసి మురిసేవాళ్లు ఆ జింక తల కోసం వెతికే తీరు, ఇక్కడివాళ్లు కొంగ తల కోసం వెతికే తీరు ఒకటే. హ్యాండిలు మీద బొటనవేలితో నెట్టే గేరు మీట అసలుదేనా, బ్రేకు చేతులు ఆ ఏటివేనా, రంగు మళ్లీ వేసిందా అన్నవి వాళ్ల ప్రశ్నలు. రాయలసీమలో ఆ రకం సైకిలు మరో దారిలో వచ్చింది. 1990లలో లావు టైర్లు, అడ్డంగా నిలిచిన హ్యాండిలుతో హీరో రేంజర్, హెర్క్యులిస్ ఎం.టి.బి. లాంటివి హైస్కూలు పిల్లల కలల్లోకి దూరాయి. చాలావాటికి గేర్లు లేవు, కొండ దిగడం అసలే లేదు. ఉన్నదల్లా మట్టి దారిలో జారకుండా పట్టుకునే టైరు, ముందుకు వంగి తొక్కితే వచ్చే హుషారు. తాతల సైకిలు అప్పుడే ఇంటి వెనకకు చేరింది. ఆ రేంజర్లు కూడా ఇప్పుడు ముప్పై ఏళ్లవి. వాటి ఎరుపు, నీలం రంగులు ఎండకు తెల్లబారి, పాకల్లో ఉన్నాయి. వాటిని బాగుచేసి వరుసలో నిలబెట్టే రోజు దగ్గరలోనే ఉంది. ఆ పని చేసేవాళ్లు ఆనాటి హైస్కూలు పిల్లలే అవుతారు.

బాగుచేసే పని మొదట విప్పడం. విప్పేటప్పుడు ఏది ఎక్కడిదో గుర్తుంచుకోవడం. పెడలు చేతిని ఇరుసుకు పట్టి ఉంచే కాటరు పిన్ను దగ్గరే ఓపికకు మొదటి పరీక్ష. నలభై ఏళ్ల తుప్పుతో బిగిసిన పిన్నును సుత్తితో తొందరపడి కొడితే తల వంగి ఇక ఎన్నటికీ రాదు. నూనె వేసి రాత్రంతా వదిలి, మర్నాడు కింద ఊతం పెట్టి ఒక్కటే దెబ్బ. ఇరుసుల్లోని గుండ్లను కిరసనాయిలు గిన్నెలో వేసి లెక్కపెట్టాలి: వెనక ఇరుసుకు ఒక్కో వైపు 9, పెడళ్ల ఇరుసుకు ఒక్కో వైపు 11. ఒకటి తక్కువైతే ఎప్పుడో ఎవరో ఓవరాయిలింగులో పోగొట్టారన్నమాట. ర్యాలీ అయితే ఇంకో చిక్కు. మిగతా కంపెనీల పెడళ్ల ఇరుసు కప్పులకు అంగుళానికి 24 మరలు ఉంటే పాత ర్యాలీకి 26. బజారులో దొరికే కప్పు రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోతుంది, బలవంతం చేస్తే ఫ్రేమే పాడవుతుంది. టైర్లకు మాత్రం కొరత లేదు. 28 × 1½ కొలత టైర్లు ఈ దేశంలో ఇప్పటికీ తయారవుతున్నాయి. తుప్పు దగ్గర చేతులు రెండు రకాలు. ఇసుక కాగితంతో రుద్దే చెయ్యి తుప్పుతో పాటు కింది మెరుపునూ తీసుకుపోతుంది. అల్యూమినియం రేకును నీళ్లలో తడిపి మెల్లగా రుద్దే చెయ్యి క్రోము మీది తుప్పును మాత్రమే తీస్తుంది. ఆ మెరుపులో కూడా తెలిసినవాళ్లకు తేడా తెలుస్తుంది: క్రోము నీలిఛాయలో చల్లగా మెరుస్తుంది, అంతకు ముందు కాలపు నికెలు కొంచెం పసుపు కలిసిన వెచ్చటి మెరుపు. చివరికి చక్రం. పుల్లలను ఒక్కొక్కటిగా గోటితో మీటి, వదులైనదాన్ని బిగించి, బిగిసినదాన్ని సడలించి బెండు తీయడం చెవికీ వేలికీ మధ్య జరిగే పని. పుస్తకం చూసి నేర్చుకున్నవాళ్లు కూడా ఒక పాత మెకానిక్కు పక్కన కూర్చుంటేనే అది పట్టుబడుతుంది. ఆ మెకానిక్కుల్లో చాలామంది ఇప్పుడు మోటారు సైకిళ్లకు పంచర్లు వేస్తున్నారు.

ఇక అసలు తగవు రంగు దగ్గర. ఒక వర్గం పాత రంగునంతా గీకి, కొత్తగా నల్లరంగు పోసి, బంగారు గీతలు మళ్లీ గీయించి, కంపెనీ నుంచి ఇవాళే వచ్చినట్టు నిలబెడుతుంది. ఇంకో వర్గం ఉన్న రంగును ముట్టుకోదు. మట్టి కడిగి, తుప్పు ఆపి, మైనం పూసి వదిలేస్తుంది. మొదటివాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. తయారైన రోజున ఆ సైకిలు ఎంత అందంగా ఉండేదో ఇవాళ్టి పిల్లలకు కనబడాలంటే ఒకదానికైనా ఆ రూపం ఇవ్వాలి. పుణె కర్వేనగర్‌లో విక్రం పెండ్సే నెలకొల్పిన సైకిలు మ్యూజియంలో యుద్ధకాలపు మడత సైకిళ్ల దాకా వరుసగా నిలబడి ఉన్నవాటిని చూసినవాళ్లకు ఆ వాదనలోని బలం తెలుస్తుంది. అయినా అసలు రంగు ఒక్కసారే ఉంటుంది. నడిమి కడ్డీ మీద జానెడు మేర రంగు అరిగి ఇనుము బయటపడిందంటే అక్కడ ఏళ్ల తరబడి ఒక బిడ్డ కూర్చుంది. చాలా ఇళ్లలో తువ్వాలు చుట్టిన ఆ కడ్డీయే పిల్లల సీటు. క్యారియరు ఒక పక్కకు ఒరిగిందంటే భార్య ఎప్పుడూ అటు వైపే కాళ్లు పెట్టి కూర్చుంది. హ్యాండిలు కుడి పిడి కింద గీత, సద్దిమూట వేలాడిన చోటు. చైను కవరు మీద సగం చెరిగిన తెల్లటి 7 బాడుగ షాపు లెక్క. వీటన్నిటినీ ఒక పూటలో గీకి, పైన మెరిసే నలుపు పోస్తే సైకిలు మిగులుతుంది గానీ అది ఎవరిదో తెలియదు.

డబుల్ బారు విషయంలో ఈ తగవు ఇంకా పదునెక్కుతుంది. కంపెనీ నుంచి వచ్చిన రూపమే అసలు రూపమని నమ్మేవాళ్లకు ఊళ్లో అతికించిన కడ్డీ ఒక మచ్చ; రంపంతో కోసి, నున్నగా చేసి, కనబడకుండా చేయాలి. కోసేసిన తర్వాత ఏ సంవత్సరపు సైకిలు బయటికి వచ్చినట్టు? అంబత్తూరులో తయారైన రోజుదా, కొని ఆలూరుకు తెచ్చిన రోజుదా? చైను, టైర్లు, సీటు, పెడళ్లు, పుల్లలు అన్నీ ఎన్నోసార్లు మారిన సైకిల్లో అసలుదనం ఎక్కడ ఉన్నట్టు? ఇక్కడ సైకిలు ఏనాడూ ఒక తేదీ దగ్గర ఆగలేదు; పనిచేస్తూనే బాగుపడింది, బాగుపడుతూనే పనిచేసింది. అందుకని ఆలూరు సైకిలును బాగుచేసేవాళ్లు ఆ వెల్డింగు అతుకును అలాగే ఉంచడమే సబబు. బ్రీజ్ అతికిన గొట్టాలను మ్యూజియంలో దాచుకున్నప్పుడు, పేరు చెప్పుకోని ఒక వెల్డరు అతికిన కడ్డీని మచ్చ అనుకోవడం ఎలా? అది నున్నగా లేకపోవచ్చు, గడ్డలుగా ఉండవచ్చు. దాని మీద బిందెలు నిలిచాయి.

పాత సైకిళ్ల సంఘాలు ఇంగ్లండులో 1955 నుంచే ఉన్నాయి. ఇటలీలో గయోలె అనే ఊళ్లో 1997 నుంచి జరిగే ఎరోయికా సవారీకి 1987కు ముందు తయారైన సైకిళ్లతోనే రావాలి. అలాంటి పేరూ నియమావళీ లేకపోయినా సీమ ఊళ్లలో సైకిళ్లు వరుసగా నిలబడి ఒకదాన్నొకటి చూసుకునే రోజు ఒకటి ఎప్పటి నుంచో ఉంది, ఆయుధ పూజ రోజు. ఆ పొద్దున సైకిలును తలకిందులుగా నిలబెట్టి, పుల్ల పుల్లా తడిగుడ్డతో తుడిచి, చైనుకు నూనె పెట్టి, హ్యాండిలుకు పసుపూ కుంకుమా పెట్టి బంతిపూల దండ చుడతారు. టైరు కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తారు. సైకిలు షాపు ముందు కొడవళ్లు, పానాలు, గాలి పంపులు, సైకిళ్లు ఒకే వరుసలో ఉంటాయి. చూసేవాళ్లు అక్కడా రంగును ముందు చూడరు. ఎవరి సైకిలు ఎన్నేళ్లదో, ఎవరి తండ్రి కొన్నదో, ఎవరిది ఇంకా పాత ఇరుసు మీదే తిరుగుతోందో నిదానంగా చెప్పుకుంటారు. మర్నాటి దసరా రాత్రి దేవరగట్టు ఉత్సవానికి పోయే జనం మాటల మధ్యలో ఆ సైకిళ్ల మాట కూడా నలుగుతుంది. ఇక్కడ పోలికలో గెలుపోటములు లేవు. ఒకటి బాగా నిలబడి ఉందంటే దాన్ని అంతకాలం ఎవరో నిలబెట్టారని అర్థం, మెచ్చుకోలు ఆ చేతులకే పోతుంది.

చూపు అంతా అయ్యాక, ఒక పరీక్ష మిగులుతుంది, ఎక్కి తొక్కడం. పాత సైకిలును ఇవాళ్టి సైకిలులా నిలబెట్టి ఎక్కరు. ఎడమకాలు పెడలు మీద ఆనించి, కుడికాలితో నేలను రెండు మూడు సార్లు నెట్టి, సైకిలు కదిలాక కాలు వెనక నుంచి తిప్పి సీటు ఎక్కాలి. చాలా ఏళ్ల తర్వాత ఎక్కేవాళ్లు మొదటిసారి కాలు తిప్పలేక దిగిపోతారు, రెండోసారి ఎక్కుతారు. సీటు స్ప్రింగులు కిర్రుమంటాయి. బెల్లు ఒకసారి మోగుతుంది, ఎదురుగా ఎవరూ లేకపోయినా. వీధి మలుపు దాటి వెనక్కి వచ్చి దిగి, స్టాండు వేసి, తొక్కినవాళ్లు వంగి పెడలును ఇంకోసారి వెనక్కి తిప్పి వింటారు.